జీడివలస నిశ్శబ్ద మండలం

మామూలు మనుషులు ఇల్లు వెతుక్కునేటప్పుడు మంచినీళ్లు చూస్తారు, వాస్తు చూస్తారు, పక్కవాళ్లెవరో చూడనట్టు నటిస్తూ చూస్తారు. నేను నెట్టు చూశాను. నాది షేర్ల వ్యాపారం. కొట్టు లేదు, గల్లాపెట్టె లేదు, నెత్తిమీద బాసు లేడు. పొద్దున తొమ్మిదింబావుకి ల్యాప్‌టాప్ తెరిస్తే మధ్యాహ్నం మూడున్నరకి మూస్తాను. ఆ మధ్యలో కొంటాను, అమ్ముతాను, నన్ను నేను తిట్టుకుంటాను. ఈ పని చంద్రమండలం నుంచైనా చేసుకోవచ్చని అందరూ అంటారు. నిజమే. అక్కడ అద్దెకి ఇల్లు దొరక్కే నాకిన్ని తిప్పలు.

హైదరాబాదులో మా పై ఫ్లాటువాడు ఏడాదిపాటు గోడ తొలిచాడు. అంత తొలిచినా ఆ గోడ ఇంకా ఎలా నిలబడి ఉందో నాకు అర్థం కాలేదు. అక్కణ్ణుంచి ఓ కొండ ఊరికి పోయాం. అక్కడ మబ్బు దిగితే నెట్టు పోయేది. సముద్రం ఒడ్డున ఇల్లు తీసుకుంటే చుట్టాలు దిగారు. "నువ్వెలాగూ ఇంట్లో ఖాళీయే కదరా" అంటూ నా ల్యాప్‌టాప్ జరిపి విస్తళ్లు వేసుకున్నారు. తర్వాత మా మావగారి వీధిలో చేరాం. ఆయన పది నిమిషాలకోసారి కిటికీలోంచి తొంగి చూసి, "ఏం అల్లుడూ, పైకా, కిందకా?" అనేవారు. ఆయన అడిగినప్పుడల్లా కిందికే పోయేది, ఏం ఖర్మో!

ఆఖరికి మా ఆవిడ మంజుల మ్యాపు మీద వేలు పెట్టి, "ఇక్కడ మనకి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. పదండి" అంది. అలా జీడివలస వచ్చాం.

జీడివలస చిన్న మునిసిపాలిటీ. జీడిపిక్కల బట్టీలు, ఒక బస్టాండు, ఒక సినిమా హాలు, సగం కట్టి వదిలేసిన కళామందిరం. మా ఇంటి వెనక సందులోనే కేబులు సూరి ఆఫీసు. నెట్టు తీగ అతని గోడ దిగి మా గోడెక్కుతుంది. ఇక పక్కిల్లు పైడితల్లిది. ఊళ్లో టిఫిన్ హోటళ్లన్నిటికీ ఇడ్లీ పిండి, దోసెల పిండి ఆవిడే రుబ్బి పంపుతుంది. ముందు గదిలో పేద్ద గ్రైండరు. పదకొండింటికి మొదలెడితే సాయంత్రం దాకా గుర్రుమంటూనే ఉంటుంది.

మొదటి రోజు ఆ మోత విని మళ్లీ సామాన్లు కట్టాలి కాబోలనుకున్నాను. వారం తిరిగేసరికి ఆ గ్రైండరు లేనిదే నాకు పని సాగలేదు. అది ఒకే శ్రుతిలో తిరుగుతుంటే కుక్కలు, హారన్లు, మావగారి ఫోన్లు ఏవీ చెవిన పడవు. పైగా నా చెయ్యి ఆగుతుంది. షేరు కాస్త పడితే చాలు, కంగారుపడి అమ్మేసే జబ్బు నాకు పాతదే. గ్రైండరు కంగారుపడదు. పప్పు నలిగేదాకా తిరుగుతుంది. దాన్ని వింటూ నేనూ ఆగేవాణ్ని. పెళ్లయ్యాక మొదటిసారి, నెల వెంట నెల, మంజుల చేతిలో డబ్బు పెట్టాను. ఆవిడ నన్ను అనుమానంగా చూసి, తర్వాత పైడితల్లికి చీర పెట్టింది.

"ఇదేటమ్మా, పండగా పబ్బమా?" అంది పైడితల్లి. సంగతి చెప్పాక కడుపుబ్బా నవ్వింది. "ఓలమ్మ, మా మిసనుకంత తెలివుందా! అయితే బాబూ, దానికీ ఓ చీర పెట్టు."

ఈ సుఖం పురపాలక సంఘం కంటపడింది. ఓర్వలేకపోయింది అనను, అది అన్యాయం. ప్రేమించింది. ప్రేమించడమే నా కొంప ముంచింది.

జరిగిందేమిటంటే, ఇళ్లలో కూర్చుని మార్కెట్లలో వ్యాపారం చేసేవాళ్లు ఊళ్లు వెతుక్కుంటున్నారనీ, వాళ్లని ఆకట్టుకున్న ఊరికి అవార్డూ నిధులూ ఇస్తామనీ పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. కమిషనరు విశ్వంభరరావు గారు ఉత్తర్వు వస్తే ఊరుకునే మనిషి కాదు. మా ఊళ్లో అలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా అని ఆరా తీశారు. కేబులు సూరి నోరు ఊరుకుంటుందా! మా ఇల్లు చూపించేశాడు.

ఆ రోజు ఒక షేరు నేను అనుకున్న ధరకి వస్తోంది. అమ్మే బటన్ మీద వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. తలుపు తీసుకుని పదిమంది లోపలికొచ్చారు. ముందు విశ్వంభరరావు గారు, వెనక పూలదండ, దాని వెనక ఫోటోగ్రాఫరు.

"తమరేనా భానుమూర్తి గారు? తమరు ఈ పట్టణమును నివాసార్థము ఎంచుకొనుట పురపాలక సంఘ చరిత్రలో సువర్ణాధ్యాయము" అన్నారు.

"సంతోషం సార్. ఒక్క నిమిషం..."

"తమ సమయము ఎంత విలువైనదో మేము ఎరుగుదుము" అంటూ శాలువా కప్పారు. అది జారి ల్యాప్‌టాప్ మీద పడింది. నేను తీయబోతే ఫోటోగ్రాఫరు, "సార్, కదలకండి, సరిగ్గా రాలేదు" అన్నాడు. మళ్లీ కప్పారు. శాలువా తీసి చూసేసరికి ఆ షేరు వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఏడుపొచ్చింది నాకు. ఫోటోలో మాత్రం ఆనందబాష్పాల్లా పడింది.

మర్నాడు మా వీధి మొదట్లో ఫ్లెక్సీ. నా కన్నీళ్లు నిలువెత్తున ఉన్నాయి. కింద: "షేర్ ట్రేడర్ల నివాసానికి చిరునామా – మన జీడివలస." బహువచనం చూసి ఇంకెవరున్నారా అని వెతికాను. నేనొక్కణ్నే.

వారంలో తీర్మానం వచ్చింది. దాన్ని తెచ్చిచ్చింది వార్డు సెక్రటరీ హారిక. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, పాపం, మనిషి మంచిది. "ట్రేడరు ల్యాప్‌టాపు తెరిచి కూర్చున్న స్థలమును వ్యాపార పీఠముగా పరిగణించి, దాని చుట్టూ వంద మీటర్ల మేర, మార్కెటు వేళలందు నిశ్శబ్ద మండలముగా ప్రకటించడమైనది" అని ఉంది.

"అంటే ఏమిటమ్మా?" అన్నాను.

"మీ చుట్టుపక్కల ఎవరూ చప్పుడు చెయ్యకూడదు సార్. మీరు కూర్చున్నట్టు అరగంటకోసారి నేను ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. మీరెక్కడున్నారో అదే పట్టేస్తుంది. యాప్‌లో పచ్చ చుక్క వస్తేనే నాకు జీతం."

"అరగంటకోసారి వచ్చి, నన్నెవరూ కదిలించడం లేదని చూసిపోతావా?"

"అవును సార్. కొంచెం ఇటు చూడండి. కళ్లు మూశారు, మళ్లీ తీస్తాను."

నిశ్శబ్దం గురించి జనానికి తెలియాలిగా! మా దగ్గర ఏం తెలియాలన్నా మైకు ఆటోయే దిక్కు. నీళ్లు రాకపోయినా, పన్ను కట్టకపోయినా, కుక్క తప్పిపోయినా అదే. కనుక పొద్దున తొమ్మిదింబావు నుంచి ఆటో మా వీధిలో తిరగడం మొదలెట్టింది. "ప్రజలకు విజ్ఞప్తి! నిశ్శబ్దం పాటించండి! ట్రేడరు గారి ఏకాగ్రతకు భంగం కలిగించిన వారిపై కఠిన చర్యలు గైకొనబడును!" పైన రెండు లౌడు స్పీకర్లు. మధ్యమధ్యలో దేశభక్తి పాట. నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను. హారిక ఫోటో తీసి, "దూది కనిపిస్తోంది సార్, తీసెయ్యండి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు దూదెందుకని పైనుంచి అడుగుతారు" అంది.

జీడివలస జనం బుద్ధిమంతులు. కూరలబ్బాయి కేకలు మానేసి వంకాయ చేత్తో ఎత్తి చూపిస్తూ తిరిగాడు. వంకాయ సరే, తోటకూరకీ గోంగూరకీ దూరం నుంచి తేడా తెలియక ఇళ్లల్లో గొడవలయ్యాయి. ఆ గొడవలూ సైగలతోనే. కుక్కరు కూత పెట్టకూడదన్నారు, వీధంతా మెత్తబడని పప్పు తిన్నది. మా ఎదురింటి సత్యనారాయణగారి అమ్మాయి పెళ్లి ముహూర్తం పదకొండున్నరకొచ్చింది. బాజాభజంత్రీల వాళ్లు సన్నాయి నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగించారే గానీ ఊదలేదు. పురోహితుడు మంత్రాలు పెదాలతో చదివాడు. గట్టిమేళం వినపడక పెళ్లికొడుకు తాళి పట్టుకుని అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి మంజుల వెళ్లి వాడి వీపు మీద తట్టింది. లేకపోతే ఆ పిల్ల ఇవాళ్టికీ పుట్టింట్లోనే ఉండేది.

ఇంతవరకూ నేను నవ్వుకున్నాను. నవ్వడం తప్పేనని తర్వాత తెలిసింది.

ఒకరోజు పదకొండయింది. అప్పటిదాకా ఊరికి అలవాటైపోయి ఎవరూ లెక్కలోకి తీసుకోని గ్రైండరు మొదలవలేదు. పావుగంట చూశాను. చెయ్యి ఆగలేదు. ఉన్న షేర్లన్నీ కారుచౌకగా అమ్మేసి బయటికి పరుగెత్తాను. పైడితల్లి ఇంటి ముందు శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు మనుషులు. గ్రైండరుకి తెల్లగుడ్డ చుట్టి, తాడు కట్టి, లక్క కరిగించి ముద్ర వేస్తున్నారు. పక్కన నానబెట్టిన మినప్పప్పు గంగాళాల నిండా అలాగే ఉంది.

"ఆపండయ్యా! ఇది నాకు అడ్డం కాదు, ఇదే నాకు ఆధారం!" అన్నాను.

"సార్, మీరు మాట్లాడితే మండలంలో చప్పుడవుతుంది" అన్నాడు ఇన్‌స్పెక్టరు గుసగుసగా.

వాళ్లు పోయాక పైడితల్లి గుమ్మంలో కూలబడింది. "నానేటి పాపం సేసినాను బాబూ? నీ మీద కోపం లేదులే" అంది. అంతలోనే తల విదిల్చి, "ఎందుకు లేదు, ఉంది. సానా ఉంది. నువ్వు రాకముందు నా మిసను నా ఇష్టం. ఇప్పుడు నా పిండి ఎవులు రుబ్బుతారు, నువ్వొచ్చి రుబ్బుతావా?"

"రుబ్బుతాను" అన్నాను. నిజంగానే రుబ్బురోలు ముందు కూర్చున్నాను. హారిక వచ్చి, రోలు గరగర కూడా యాప్‌లో చప్పుడు కిందే పడుతోందని చెప్పి, నీళ్లు నిండిన కళ్లతో ఫోటో తీసుకుని పోయింది. సాయంత్రానికి పప్పు పులిసిపోయింది. హోటళ్లవాళ్లు పక్క ఊరి నుంచి పిండి తెప్పించుకున్నారు.

"సోమారం దాకా సూత్తాను. అది తెరుసుకోకపోతే మిసను అమ్మీసి మా సెల్లి దగ్గరికి ఎల్లిపోతాను. ఎవుల వంటింట్లోనో గిన్నెలు తోముకుంటాను" అంది పైడితల్లి.

ఆ రాత్రి మంజుల నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నిశ్శబ్ద మండలం వేళలు దాటాయి కదే అన్నాను. "మీకోసం ఆవిడ ఇల్లు మూయించాం. ఇక నాకు మాటలేముంటాయి?" అంది.

శుక్రవారం పొద్దున్నే మునిసిపల్ ఆఫీసుకి పోయాను. మార్కెట్టు తెరిచే వేళ గనక ల్యాప్‌టాప్ కూడా చంకన పెట్టుకున్నాను. విశ్వంభరరావు గారు లేచి కుర్చీ వేశారు.

"సార్, నాకీ నిశ్శబ్దం వద్దు" అన్నాను.

ఆయన జాలిగా చూశారు. "భానుమూర్తి గారూ, తమరు లబ్ధిదారులు. లబ్ధిదారుడు లబ్ధిని వద్దనుటకు నిబంధనలలో వీలు లేదు."

"పోనీ నేను షేర్లు మానేశాను. ఇవాళ్టి నుంచి నేను ట్రేడర్ని కాను."

"అటులైన పట్టణములో ట్రేడర్ల సంఖ్య నూరు శాతము పడిపోవును. అవార్డు పరిశీలక బృందము వచ్చు వేళ అది సాధ్యపడదు."

"గ్రైండరు సీలు తీయించండి చాలు."

"సీలు వేయుటకు విధివిధానములు కలవు. తీయుటకు లేవు. ఇంతవరకు ఎవరూ అడిగి ఉండలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో మాట అంటే చెయ్యి చేసుకుంటానేమోనని, కాస్త స్థిమితపడదామని ల్యాప్‌టాప్ తెరిచాను. సరిగ్గా అప్పుడే హారిక రొప్పుకుంటూ వచ్చింది. "అమ్మయ్య, ఇక్కడున్నారా సార్! ఇంట్లో లేకపోతే నా ప్రాణం పోయింది" అని, క్లిక్‌మని ఫోటో తీసేసింది. యాప్ పచ్చగా మారింది. తర్వాత ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"ఏమయిందమ్మా?" అన్నారు కమిషనరు గారు.

హారిక వేలు పెదాల మీద పెట్టుకుంది. "సార్... వ్యాపార పీఠం ఇక్కడికి మారింది. మీరు గట్టిగా మాట్లాడకూడదు."

ఆయనకి అర్థమయ్యేలోపే కిటికీ బయట మైకు ఆటో వచ్చి నిలబడింది. అది యాప్‌ని చూసి తిరుగుతుంది మరి. "నిశ్శబ్దం పాటించండి! మునిసిపల్ ఆఫీసు సిబ్బందికి హెచ్చరిక! కఠిన చర్యలు గైకొనబడును!"

నేను మెల్లగా లేవబోయాను. అంతలో నాకు తీర్మానంలోని మాట గుర్తొచ్చింది. ట్రేడరు ల్యాప్‌టాపు తెరిచి కూర్చున్న స్థలము. మళ్లీ కూర్చున్నాను. బాగా సర్దుకుని కూర్చున్నాను.

శుక్రవారం సాయంత్రం దాకా కదల్లేదు. శనాదివారాలు మార్కెట్టు సెలవు, సోమవారం మళ్లీ పొద్దున్నే పోయి కమిషనరు గారి గదిలోనే చోటు చూసుకున్నాను. ఆయన బల్ల మీది కాలింగ్ బెల్లుకి శానిటరీ ఇన్‌స్పెక్టరే లక్క ముద్ర వేశాడు. విధి విధే కదా! ఫోన్లు ఆపేశారు. పైనుంచి పెద్దాఫీసరు ఫోను చేస్తే ఎత్తేవాడు లేడు. బిల్లుల కోసం వచ్చిన కంట్రాక్టర్లు నోరు తెరవకుండా వేళ్లతో లెక్కలు చెబుతుంటే, అదేదో బూతు సైగ అనుకుని గుమాస్తా ఒకాయన కుర్చీ ఎత్తాడు. ఆ రోజే కౌన్సిలు సమావేశం. ఎప్పుడూ మైకులు విరిగేదాకా అరుచుకునే సభ్యులు ఎర్రబడ్డ మొహాలతో ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఒకాయన కోపం పట్టలేక చెయ్యెత్తాడు. అది ఓటనుకుని రాసుకున్నారు. ఆయన వీధి పార్కు ఆయన ఓటుతోనే పక్క వార్డుకి పోయింది.

మంజుల నాకు క్యారేజీ పంపలేదు, తనే తెచ్చింది. వరండాలో పైడితల్లి కూడా ఉంది, సంచీ సర్దుకుని. బస్సు మూడున్నరకి.

"ఏటవతంది బాబూ?" అంది లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించి.

"ఉండు పైడితల్లీ. కాసేపాగు."

"ఆగడం నీకు నా మిసను నేర్పింది. నాకెవులూ నేర్పక్కర్లేదు" అంది గానీ, సంచీ కింద పెట్టింది.

మధ్యాహ్నానికి విశ్వంభరరావు గారు చెమటలు కక్కుతున్నారు. పరిశీలక బృందం మర్నాడే వస్తోందట. దారి అడగడానికి వాళ్లు చేస్తున్న ఫోన్లు కూడా ఎత్తకూడదు. ఆయన నా చెవి దగ్గరకొచ్చారు. ఆ కంగారులో ఆయన గ్రాంథికం ఎగిరిపోయింది.

"బాబ్బాబు, మీ కాళ్లు పట్టుకుంటాను. ఇంటికి పోండి" అన్నారు గుసగుసగా.

"పోతాను సార్. ఆ గ్రైండరు తిరిగితేనే పోతాను."

"మీరు ఇంటికి పోతే అక్కడ నిశ్శబ్ద మండలం. మండలంలో గ్రైండరు తిరగడానికి వీల్లేదు. మీరు పోకపోతే నా ఆఫీసు తిరగడానికి వీల్లేదు. నన్నేం చెయ్యమంటారు?"

"అయితే నా తర్వాతి మకాం ఎక్కడో ఇప్పుడే అనుకుంటున్నాను. మీ క్వార్టర్సు బాగుంటాయటగా? గాలీ వెలుతురూ..."

విశ్వంభరరావు గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి ఆ కళ్లలో అధికార తేజస్సు తిరిగొచ్చింది. గ్రాంథికమూ తిరిగొచ్చింది. కాగితం లాక్కుని తనే స్వయంగా రాశారు. రాసి, హారిక చేత చదివించారు, మెల్లగా.

"ట్రేడరు ఏకాగ్రతకు భంగము కలిగించునదే శబ్దము. దోహదపడునది శబ్దము కాజాలదు. కావున శ్రీమతి పైడితల్లి గారి గ్రైండరు నుండి వెలువడు ధ్వనిని ఇందుమూలముగా నిశ్శబ్దముగా గుర్తించడమైనది. సదరు నిశ్శబ్దమునకు వేసిన సీలు, నిశ్శబ్దమునకు ఆటంకము కలిగించుచున్నందున, తక్షణమే తొలగింపవలెను."

నేను ల్యాప్‌టాప్ మూశాను. ఆఫీసంతా ఒక్కసారిగా గట్టిగా ఊపిరి వదిలింది. వెంటనే ఎక్కడో ఇద్దరు కౌన్సిలర్లు కొట్టుకోవడం మొదలెట్టారు.

వరండాలో పైడితల్లికి ఆ కాగితం మంజులే చదివి చెప్పింది. ఆవిడ రెండుసార్లు విన్నది. "అంటే నా మిసను మోత... మోత కాదంటారా?"

"కాదట. ఇప్పట్నించి అదే నిశ్శబ్దం."

"ఓలమ్మ! సదువుకున్నోల్లు సదువుకున్నోల్లే" అని సంచీ భుజానేసుకుని, బస్టాండు వైపు కాకుండా ఇంటివైపు నడిచింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. మళ్లీ ఫోటో తీసి ఫ్లెక్సీ కడతారేమోనని భయం.

మర్నాడు పదకొండింటికి గ్రైండరు మొదలయింది. మంజుల వీధి వైపు తలుపు బార్లా తీసిపెట్టింది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక షేరు పడుతోంది, పడనిచ్చాను. ఇంతలో వీధి మొదట్లో మైకు ఆటో దూరింది. వెనకే పరిశీలక బృందం కారు. "నిశ్శబ్దం పాటించండి! నిశ్శబ్దం పాటించండి!"

పైడితల్లి పిండి చేతులతో గుమ్మంలోకొచ్చి, ఆటోకి అడ్డంగా నిలబడింది.

"ఓరి నాయనా, ముందా మైకు కట్టెయ్! నీ గోలకి నా నిశ్శబ్దం ఇనపడతం లేదు!"